బస్తాతో బూట్ల షాపుకు

పొద్దుగూకినంకనే పోదామన్నడు బాపు.
పొద్దుటి పాదం అబద్ధమాడుతదట.
దినమంతా నిలబడి ఉబ్బిన పాదమే
అసలు కొలత చెప్తదట.

వరంగల్ చౌరస్తాల లైట్లు వెలిగే యాళ్లకు
స్కూటీ ముందట ఇరవై కిలోల బియ్యం బస్తా,
ఎనుక బాపు.
"బూట్లు కొననీకి బియ్యమెందుకు బాపూ?" అంటే
"కాడి కట్టి చూడకుంట
ఎడ్లను కొంటరా ఎవలన్న?" అన్నడు.

పోయినేడు ముసురుల, తాడ్వాయి అడవిల
పులి దారిన కట్టే కెమెరాలు,
వాటి బ్యాటరీలు, గొలుసులు, తాళాలు,
నాలుగొద్దుల తిండి, తడిసిన టార్పాలిన్
అన్నీ వీపున ఏసుకొని వస్తుంటె
వాగు ఒడ్డున
నా ఎడమ బూటు నోరు తెరిచింది.
సుతిలి తాడుతోని దాని మూతి కట్టి
పదకొండు కిలోమీటర్లు ఈడ్చిన.
బొటనవేలి గోరు నల్లబడి
బతుకమ్మ నాటికి ఊడింది.
దాన్ని పారెయ్యనియ్యలేదు బాపు,
అగ్గిపెట్టెల పెట్టిండు.
ఎందుకో ఇయ్యాల తెలిసింది.

షాపు మీది అంతస్తుల.
కౌంటర్ మీద అగ్గిపెట్టె తెరిచి
"గిట్ల కావద్దు" అన్నడు, అంతే.
సేల్స్ పిలగాడు ఫయాజ్
గోరును చూసిండు, నన్ను చూసిండు,
ఏం మాట్లాడకుంట నాలుగు డబ్బాలు దించిండు.

"ఇది ఫుల్ వాటర్‌ప్రూఫ్ అంకుల్,
చుక్క లోపలికి రాదు."
"మీదికెల్లి వస్తె?"
"…"
"వచ్చిన నీళ్లు ఎటు పోతయి?"
మగ్గెడు నీళ్లు అడిగిండు.
షోకేసులున్న ఒంటి బూటుల పోసి
ఎత్తి పట్టుకున్నడు, చాలాసేపు.
చుక్క కారలేదు.
"చెంబు మంచిగుంది బిడ్డా.
బూటు సూపెట్టు."
గల్లా పెట్టె ఎనుక సేటు దగ్గిండు.

ముప్పై రెండేండ్లు
ఎనుమాముల మార్కెట్ల మిర్చి మోసిన మనిషి.
ఘాటుకు కండ్లు పోయినా
కాలు తప్పలేదు ఏనాడూ.
"బరువు వీపు మీద ఉండదు,
మడిమెల కూసుంటది.
అక్కడ వదులుందా, పుండే.
ముందట బొటనవేలంత జాగ లేదా,
దిగుడుల గోరు పోతది."

మందం సాక్సులు తొడిగి లేసులు బిగించినంక
బస్తా నా వీపు మీదికి తనే ఎత్తిండు.
"ఎక్కు. దిగు. మళ్ల ఎక్కు."
చీరల షాపుకు పొయ్యేటోళ్లు
మెట్ల మీద ఒత్తిగిలి నిలబడి
పెండ్లికూతురును చూసినట్టు చూసిండ్రు.
మొదటి జతకు మడిమె లేచింది.
రెండోది దిగుతుంటె వేళ్లు గుద్దుకున్నయి.
మూడోది చీలమండను
పసిపిల్ల మెడ పట్టుకున్నట్టు పట్టుకుంది.
నాలిక రెండు దిక్కుల కుట్టి ఉంది,
సందుల నుంచి నీళ్లు రావు.
"వానకు గిది చాలు.
మోకాలి లోతు వాగొస్తె మాత్రం
విప్పి మెడల ఏసుకో.
నీళ్లతోని పంతం పట్టొద్దు."

నాలుగు వేల ఆరు వందల యాభై.
నా సగం నెల జీతం లేసులకు వేలాడింది.

"అంకుల్, మీరు కూడ ఒక జత చూడుండ్రి"
ఫయాజ్ మోకాళ్ల మీద కూసొని అడిగిండు.
బాపు సిగ్గుపడుకుంట కాలు ముందట పెట్టిండు.
జొన్నరొట్టె లెక్క పరుచుకున్న పాదం,
ఎవని ఏలు వానిదే అన్నట్టు విడివడ్డ ఏళ్లు.
తొమ్మిది సగంల ఆగింది.
పది ఇరికింది.
పదకొండు పొడుగైతది గాని వెడల్పు చాలదు.
"దీనికి నంబర్ లేదు అంకుల్."
"ఉంటె ఏం చేస్తుంటి" అని నవ్విండు బాపు.

బిల్లు కట్టి చూస్తునుగద,
బస్తా అప్పటికే ఆయన భుజం మీద.
వద్దన్నా వినడు.
ముందట ఆయన, ఎనుక నేను.
నా కొత్త బూట్లు మెట్టుమెట్టుకు కిర్రుమంటున్నయి.
ఆయన కాళ్లకు సప్పుడే లేదు.

"అక్కా, అగ్గిపెట్టె మరిచిపోయిండ్రు!"
పైనుంచి ఫయాజ్.
బాపు ఎనుకకు తిరగకుంటనే అన్నడు:
"ఉండనియ్యి కొడుకా,
బూటు ముద్దుగుందని కొనేటోళ్లు వస్తరు గద,
తీసి చూపెట్టు."